నిర్ణయం కంప్యూటర్‌ది, జవాబుదారీ ఎవరిది?

క్లుప్తంగా

కాగితం మీద సాగిన పని కంప్యూటర్‌లోకి మారితే వేగం పెరగడం అందరికీ కనిపిస్తుంది. అంతగా కనిపించని మార్పు ఇంకొకటి ఉంది. ఇదివరకు ఒక అధికారో మేనేజరో తీసుకున్న నిర్ణయం ఇప్పుడు ప్రోగ్రాం రాసేవారు, దాన్ని కొనేవారు, నడిపేవారు అంటూ పలువురి మధ్య చీలిపోతోంది. చట్టం, వ్యాపారం, ప్రభుత్వ సంస్థలు మూడూ ‘దీనికి ఫలానావారు జవాబు చెప్పాలి’ అన్న ఏర్పాటు మీదే నడుస్తాయి కాబట్టి మూడింటికీ చిక్కు అక్కడే వస్తోంది. వివిధ దేశాల అనుభవాల్లో ఆ చిక్కు ఎలా పుట్టింది, భారం ఎవరి మీద పడింది, కోర్టులూ చట్టసభలూ ఎలా సర్దుబాటు చేస్తున్నాయి అన్నది ఇక్కడ చూద్దాం.

ఒకే పేరు, రెండు వేర్వేరు మార్పులు

డిజిటల్ మార్పు అనే మాటను రెండు పనులకు కలిపి వాడేస్తున్నారు. దరఖాస్తును కాగితం బదులు వెబ్‌సైట్‌లో నింపడం మొదటిది. ఆ దరఖాస్తుదారుకు అర్హత ఉందో లేదో ప్రోగ్రామే తేల్చేయడం రెండోది. మొదటిదాంట్లో వచ్చే ఇబ్బందులు అందరికీ తెలిసినవే. సర్వర్ మొరాయిస్తుంది, ఓటీపీ రాదు, పేజీ తెరుచుకోదు. టెన్షన్ పెట్టినా ఇవి సర్దుకునే సమస్యలు.

రెండోది లోతైన మార్పు. పాత పద్ధతిలో దరఖాస్తును తిరస్కరించిన గుమస్తా ఫైలు మీద కారణం రాసి సంతకం పెట్టేవాడు. ఆ కారణాన్ని పట్టుకుని పైఅధికారి దగ్గరికో కోర్టుకో వెళ్లే వీలుండేది. గుమస్తా పొరబడితే దెబ్బ ఆ ఒక్క ఫైలుకే తగిలేది. ప్రోగ్రాంలో పొరపాటు దొర్లితే అదే తప్పు లక్ష ఫైళ్లలో ఒకేలా పడుతుంది, ఏ ఫైలులోనూ కారణం కనిపించదు. గత పాతికేళ్లలో ఈ రంగంలో జరిగిన పెద్ద ప్రమాదాలకు చాలావరకు మూలం ఇదే.

కంప్యూటర్ మాటే సాక్ష్యమైనప్పుడు

అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించినవారు బ్రిటన్ సబ్ పోస్ట్‌మాస్టర్లు. అక్కడ చాలా పోస్టాఫీసులను నడిపేది ఉద్యోగులు కాదు, కాంట్రాక్టు మీద కౌంటరు నడుపుకునే చిన్న వ్యాపారులు. 1999 నుంచి వారి కౌంటర్లలోకి హొరైజన్ అనే అకౌంటింగ్ సిస్టం వచ్చింది. ఫుజిత్సు గ్రూపు తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ రోజువారీ లెక్క తేల్చేది. ఆ లెక్కకూ గల్లాలోని డబ్బుకూ తేడా వస్తే కాంట్రాక్టు ప్రకారం సబ్ పోస్ట్‌మాస్టరే పూడ్చాలి.

తేడాలు రావడం మొదలైంది. అవి ఎలా వచ్చేవో చెప్పడానికి స్కాట్లాండ్‌లోని డాల్మెల్లింగ్టన్ శాఖ పేరుతో ప్రసిద్ధమైన ఒక బగ్ చాలు. శాఖకు చేరిన నగదును నమోదు చేస్తూ ఎంటర్ నొక్కితే స్క్రీన్ కదల్లేదు. మళ్లీ నొక్కారు. నొక్కిన ప్రతిసారీ అదే నగదు మరోసారి అందినట్టు సిస్టం రాసుకుపోయింది. చేతికి వచ్చింది ఒక్కసారే, లెక్కలో పడింది పలుసార్లు. రాత్రికి లెక్క కట్టేసరికి ఆ తేడా అంతా కౌంటరులో ఉన్న మనిషి మాయం చేసిన సొమ్ముగా కనిపిస్తుంది.

1999 నుంచి 2015 వరకు ఇలాంటి లెక్కల ఆధారంగా 900 మందికి పైగా దోషులుగా తేలారు. అందులో సుమారు 700 కేసులు పోస్టాఫీసు సంస్థ తానే ప్రాసిక్యూటర్‌గా నడిపినవి. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ఇల్లూవాకిలీ అమ్ముకున్నారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ‘ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది’ అన్న జవాబు వచ్చేదని చాలామంది తర్వాత విచారణలో చెప్పారు.

సాఫ్ట్‌వేర్ తప్పు చేయడం వింత విషయమేమీ కాదు. ఆ తప్పును కోర్టులు ఇన్నేళ్లు ఎందుకు పట్టుకోలేకపోయాయన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు సాక్ష్యాల చట్టంలో ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1984 నాటి పోలీసు, నేర సాక్ష్యాల చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం కంప్యూటర్ ప్రతిని సాక్ష్యంగా పెట్టాలంటే ఆ కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని చూపించాలి. ఈ నిబంధన వల్ల అనవసర జాప్యం జరుగుతోందని, దాన్ని తీసేయాలని 1997లో లా కమిషన్ సిఫారసు చేసింది. 1999లో చేసిన చట్టంతో అది రద్దయింది. అప్పటినుంచి కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తున్నట్టు కోర్టు ముందుగా భావిస్తుంది. కాదనేవారే దానికి ఆధారం చూపాలి.

హొరైజన్ కౌంటర్లకు చేరుతున్నదీ, ఈ సెక్షన్ తొలగినదీ దాదాపు ఒకే సమయంలో. రుజువు భారం అటునుంచి ఇటు మారడంతో ఏం జరిగిందో గమనించాలి. బగ్‌ల చిట్టా ఉన్నది ఫుజిత్సు దగ్గర. దూరం నుంచే శాఖల లెక్కల్లోకి వెళ్లగల వీలున్నదీ ఆ కంపెనీ సిబ్బందికే. అవేవీ చూడలేని సబ్ పోస్ట్‌మాస్టర్ మాత్రం సిస్టంలో తప్పుందని నిరూపించుకోవాలి. 2019 డిసెంబరులో హైకోర్టు సిస్టం లోపాలను తేల్చి చెప్పాకే దారి తెరుచుకుంది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టేసింది. చివరికి 2024 మేలో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి వందల శిక్షలను రద్దు చేయాల్సి వచ్చింది. కోర్టు తీర్పులను చట్టసభ మూకుమ్మడిగా చెరిపేయడం మామూలుగా జరిగే పని కాదు.

భారత చట్టం దీనికి ఎదురు దారి పట్టింది. 2000లో సాక్ష్యాల చట్టంలో చేర్చిన 65బి సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతితోపాటు, కంప్యూటర్ సక్రమంగా పనిచేసిందని తెలిపే సర్టిఫికేట్ ఇవ్వాలి. అది తప్పనిసరేనని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్‌లోనూ ఈ షరతు కొనసాగింది. సర్టిఫికేట్ నమూనాలో నిపుణుడు నింపాల్సిన భాగాన్నీ చేర్చారు. ఇది మెరుగైన ఏర్పాటే గానీ, దీనికీ హద్దుంది. రికార్డును ఎవరూ మార్చలేదని ధ్రువీకరించినంత మాత్రాన అందులోని లెక్క సరైనదని తేలిపోదు. హొరైజన్ రికార్డులను ఎవరూ దిద్దకపోయినా, పుట్టుకతోనే తప్పుగా పుట్టినవి వాటిలో ఉన్నాయి.

సగటు లెక్కతో పుట్టిన బకాయిలు

కోర్టు మెట్లెక్కకముందే, ప్రభుత్వ కార్యాలయంలోనే నిర్ణయం యంత్రానికి అప్పగిస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని రోబోడెట్ పథకం చూపించింది. సంక్షేమ భృతి పొందుతున్నవారు ఆదాయం దాచి అదనంగా తీసుకున్నారేమో కనిపెట్టాలన్నది దాని ఉద్దేశం. 2015లో మొదలై 2016 నుంచి పెద్దఎత్తున నడిచింది.

చిక్కంతా లెక్క కట్టిన తీరులో ఉంది. అక్కడ భృతిని పక్షానికోసారి, అంటే రెండు వారాలకోసారి, ఆ రెండు వారాల ఆదాయాన్ని బట్టి నిర్ణయిస్తారు. పన్నుల శాఖ దగ్గర ఉండేది ఏడాది మొత్తం ఆదాయం. ప్రోగ్రాం ఆ వార్షిక మొత్తాన్ని 26తో భాగించి, ప్రతి పక్షంలోనూ అంతే సంపాదన ఉన్నట్టు అనుకుంది. ఉదాహరణకు ఒకరు ఆరు నెలలు ఉద్యోగం చేసి 26 వేల డాలర్లు సంపాదించి, ఉద్యోగం పోయాక మిగతా ఆరు నెలలు భృతి తీసుకున్నారనుకుందాం. ఉద్యోగం ఉన్నంతకాలం పక్షానికి 2 వేల డాలర్లు వచ్చాయి, తర్వాత ఏమీ రాలేదు. వారు నిజమే చెప్పారు. ప్రోగ్రాం లెక్కలో మాత్రం ఏడాది పొడవునా పక్షానికి వెయ్యి డాలర్లు వచ్చాయి. అంటే భృతి తీసుకున్న ప్రతి పక్షంలోనూ వెయ్యి డాలర్లు దాచారని అర్థం తీసి బకాయి నోటీసు పంపింది.

ఇక్కడా రుజువు భారం పౌరుడి మీదకే జారింది. ఇదివరకు తేడా కనిపిస్తే శాఖ సిబ్బంది యజమానిని అడిగి వివరాలు తెప్పించుకునేవారు. కొత్త పద్ధతిలో ఎన్నో ఏళ్ల కిందటి జీతం స్లిప్పులను నోటీసు అందుకున్నవారే వెతికి పెట్టాలి. పనిచేసిన కంపెనీ మూతపడితే వారికి దారే లేదు. ఈ లెక్క చెల్లదని ట్రిబ్యునల్ కొన్ని కేసుల్లో 2017లోనే చెప్పింది. ఆ దశలోని తీర్పులను ప్రచురించేవారు కాదు, శాఖ వాటిపై అప్పీలుకూ వెళ్లలేదు. దాంతో ఆ ఒక్కరి బకాయి రద్దయ్యేది, మిగతా అందరికీ నోటీసులు వెళ్తూనే ఉండేవి. వ్యక్తి ఫిర్యాదు మీద నడిచే పాత అప్పీలు వ్యవస్థ మూకుమ్మడిగా జరిగే తప్పును ఆపలేదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం దొరకదు.

2019 నవంబరులో ఫెడరల్ కోర్టులో ప్రభుత్వం తన లెక్క చట్టవిరుద్ధమని ఒప్పుకుంది. 2020లో సుమారు 4.7 లక్షల బకాయిలకు సంబంధించి 72.1 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు వెనక్కి ఇస్తామని ప్రకటించింది. 2023 జులైలో వచ్చిన రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం నివేదిక ఈ పథకాన్ని మోటుగా, క్రూరంగా నడిచినదని, న్యాయానికీ చట్టానికీ నిలవనిదని తప్పుపట్టింది. మొదటినుంచే న్యాయపరమైన సందేహాలు ఉన్నాయని, వాటిని పక్కన పెట్టారని కూడా తేల్చింది. అంటే తప్పు యంత్రం దగ్గర మొదలు కాలేదు. మనుషులు చేసిన తప్పును అది లక్షల మందికి చేరవేసింది.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో జరిగినదీ దీనికి దగ్గరి కథే, కాకపోతే అక్కడ ముందు నిలిచింది అనుమానం. ఎవరి దరఖాస్తును గట్టిగా తనిఖీ చేయాలో పన్నుల శాఖ ఒక రిస్కు మోడల్‌తో ఎంచుకునేది. జాతీయతను కూడా అందులో ఒక లక్షణంగా వాడారు. అనుమానం పడ్డాక సంతకం తప్పిపోవడం లాంటి చిన్న లోపానికీ భత్యం మొత్తాన్ని తిరిగి కట్టమన్నారు. వేల కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి, 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. అంతకు ఏడాది ముందు 2020 ఫిబ్రవరిలో హేగ్ జిల్లా కోర్టు సిరి అనే మరో మోసాల గుర్తింపు వ్యవస్థను ఆపేసింది. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకునే వీలే లేదన్నది అందుకు చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి.

‘చివరి సంతకం మనిషిదే కదా’ అన్న వాదన ఇలాంటి సందర్భాల్లో తరచూ వినిపిస్తుంది. 2023 డిసెంబరులో యూరప్ న్యాయస్థానం జర్మనీకి చెందిన షూఫా క్రెడిట్ స్కోరు కేసులో దీనికి జవాబిచ్చింది. బ్యాంకు ఆ స్కోరు మీదే ఎక్కువగా ఆధారపడి రుణం ఇవ్వాలో వద్దో తేల్చుకుంటే, ఆ స్కోరు వేయడమే యంత్రం తీసుకున్న నిర్ణయం కిందికి వస్తుందని చెప్పింది. స్క్రీన్ మీద కనిపించిన అంకెను మార్చే తీరిక, అధికారం లేని ఉద్యోగి సంతకాన్ని మనిషి నిర్ణయంగా లెక్కించడం కష్టం. ఆ వాస్తవాన్ని చట్టం గుర్తించడం మొదలుపెట్టింది.

డేటాకు లేని హద్దు, చట్టానికున్న హద్దు

చట్టం పరిధి నేల మీద గీసిన గీతతో మొదలవుతుంది. నేరం ఎక్కడ జరిగింది, వస్తువు ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఏ కోర్టు, ఏ పోలీసు అన్నది తేలుతుంది. డేటాకు ఈ ప్రశ్న వేస్తే జవాబు తిన్నగా రాదు.

2013లో ఒక మాదకద్రవ్యాల కేసులో అమెరికా అధికారులు మైక్రోసాఫ్ట్‌కు వారంటు ఇచ్చి ఒక ఖాతాలోని ఈమెయిళ్లు అడిగారు. అవి ఐర్లాండ్‌లోని డబ్లిన్ సర్వర్‌లో ఉన్నాయి. అమెరికా వారంటు ఐర్లాండ్‌లో చెల్లదని కంపెనీ అంది. అమెరికాలోనే కూర్చుని ఒక బటన్ నొక్కితే వస్తాయి కదా అని ప్రభుత్వం అంది. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. 2016లో అప్పీలు కోర్టు కంపెనీ వైపు మొగ్గింది. సుప్రీంకోర్టు తేల్చేలోపే 2018 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ క్లౌడ్ చట్టం తెచ్చి, డేటా ఏ దేశంలో ఉన్నా కంపెనీ అదుపులో ఉంటే ఇవ్వాల్సిందేనని రాసింది. అదే ఏడాది మే 25 నుంచి అమలైన యూరప్ డేటా రక్షణ నిబంధన జీడీపీఆర్ మాత్రం అంతర్జాతీయ ఒప్పందం లేకుండా విదేశీ ఉత్తర్వును చూపి యూరప్ డేటా ఇవ్వడాన్ని కట్టడి చేస్తుంది. ఒక దేశపు ఉత్తర్వు పాటిస్తే రెండో చోట ఉల్లంఘన అయ్యే పరిస్థితిలో కంపెనీలు పడ్డాయి.

యూరప్ నుంచి అమెరికాకు డేటా పంపే ఒప్పందాన్ని యూరప్ న్యాయస్థానం రెండుసార్లు కొట్టేసింది, 2015లో ఒకసారి, 2020లో మరోసారి. మూడో ఏర్పాటు 2023 జులైలో వచ్చింది. ఈ మధ్యలో డేటా ఆగిపోలేదు, వ్యాపారం ఆగలేదు. చట్టబద్ధత మాత్రం ఊగిసలాడింది. ఆ అనిశ్చితికి ధర ఎంతో 2023 మేలో తెలిసింది. డేటా బదిలీల విషయంలోనే ఐర్లాండ్ నియంత్రణ సంస్థ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంత మొత్తాన్ని తట్టుకునే కంపెనీలు ప్రపంచంలో కొన్నే. ఇవే నియమాలు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకు వర్తించినప్పుడు లాయర్ల ఖర్చే మోయలేని భారమవుతుంది. పెద్ద కంపెనీలను అదుపు చేయడానికి తెచ్చిన నియమాలు కొన్నిసార్లు చిన్నవాటినే ముందు కుంగదీస్తాయన్న విమర్శలో బలం ఉంది.

కొన్నది సొంతమేనా?

వ్యాపార చట్టంలో అమ్మకం అంటే స్పష్టమైన అర్థం ఉంది. కొన్నవారు దాచుకోవచ్చు, ఇచ్చేయవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు. డిజిటల్ సరుకులో జరిగేది చాలావరకు లైసెన్సు మాత్రమే. యూరప్ న్యాయస్థానం 2012లో డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చని చెప్పి, 2019లో ఈ-పుస్తకాలకు ఆ హక్కు లేదంది. పాత కాగితపు పుస్తకంలా అది అరగదు, నలగదు కాబట్టి తిరిగి అమ్మకాలు రచయితల ఆదాయాన్ని బాగా దెబ్బతీస్తాయన్నది తీర్పులోని ఒక తర్కం. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలైన చట్టం ఇంకా సూటిగా వెళ్లింది. ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల లైసెన్సునే ఇస్తున్నప్పుడు, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అని రాయకూడదని ఆదేశించింది.

వ్యాపారంలో నష్టానికి మారిన వేగం

కంపెనీలకు డిజిటల్ మార్పు ఖర్చు తగ్గించింది, కొత్త మార్కెట్లు తెచ్చింది. దాంతోపాటే నష్టం జరిగే వేగాన్నీ మార్చింది. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ షేర్ మార్కెట్ తెరుచుకున్నప్పుడు నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థలో జరిగినది దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. కొత్త ప్రోగ్రాంను 8 సర్వర్లలో పెట్టాల్సి ఉండగా 7 సర్వర్లలోనే పెట్టారు. మిగిలిన ఒక్కదానిలో ఏళ్ల కిందట వాడకం మానేసిన పాత కోడ్ అలాగే ఉంది. కొత్త ప్రోగ్రాం కోసం వాడిన గుర్తు ఆ పాత కోడ్‌ను నిద్రలేపింది. అది ఆగకుండా ఆర్డర్లు పంపుతూ పోయింది. సుమారు 45 నిమిషాల్లో నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మార్కెట్ తెరవకముందే ఆ లోపం పేరుతో సిస్టం పంపిన 97 ఈమెయిళ్లు ఉద్యోగుల ఇన్‌బాక్సుల్లో ఉన్నాయి. వాటిని హెచ్చరికలుగా చూడాలని ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2013లో జరిమానా వేసినప్పుడు ఎవరి దురుద్దేశాన్నీ వెతకలేదు. తగిన కట్టడి ఏర్పాట్లు ఎందుకు లేవని అడిగింది. వ్యాపార చట్టం నడుస్తున్న దిశ ఇదే. తప్పు చేసిన మనిషిని పట్టుకోవడం కష్టమవుతున్న కొద్దీ, తప్పు జరగకుండా ముందుగా ఏం చేశారన్న ప్రశ్న బరువెక్కుతోంది.

నష్టం బయటినుంచి వస్తే చిక్కు ఇంకోరకం. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌కు చెందిన ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా మొదలైన నాట్‌పెట్యా దాడి ప్రపంచమంతా పాకింది. మందుల కంపెనీ మెర్క్ సుమారు 140 కోట్ల డాలర్ల నష్టానికి బీమా అడిగింది. ఇది ఒక దేశం చేసిన దాడి, పాలసీలో యుద్ధనష్టానికి మినహాయింపు ఉంది కాబట్టి కట్టబోమని బీమా కంపెనీలు వాదించాయి. బాంబులూ సైన్యాలూ ఉన్న యుద్ధం కోసం రాసిన ఆ మాట ఇక్కడ వర్తించదని 2023లో న్యూజెర్సీ అప్పీలు కోర్టు తేల్చింది. తర్వాత ఇరువర్గాలూ రాజీపడ్డాయి. ఈలోగా లండన్‌లోని లాయిడ్స్ బీమా మార్కెట్ ప్రభుత్వాల అండతో జరిగే పెద్ద సైబర్ దాడులకు 2023 మార్చి 31 నుంచి స్పష్టమైన మినహాయింపు రాయాలని ఆదేశించింది. గెలిచిన తీర్పు మొదటి కక్షిదారుకు పనికొచ్చింది. తర్వాత వచ్చేవారి పాలసీ మాటలు అప్పటికే మారిపోయాయి.

2024 జులై 19న దాడి కూడా అవసరం పడలేదు. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాలు ఆగాయి, ఆసుపత్రులకు ఇబ్బంది కలిగింది. సాఫ్ట్‌వేర్ ఒప్పందాల్లో సాధారణంగా అమ్మకందారు పూచీని కట్టిన ఫీజుకో, దాని దరిదాపుల మొత్తానికో పరిమితం చేస్తారు. విమానం తప్పిపోయిన ప్రయాణికుడికి ఆ ఒప్పందంతో సంబంధమే ఉండదు. ఒకే సరఫరాదారు మీద వేల సంస్థలు ఆధారపడినప్పుడు నష్టం ఎంతవరకు పోతుందో ఏ ఒప్పందమూ ముందుగా లెక్కించలేదు.

పనివారి విషయానికొస్తే, 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్లను కార్మిక హక్కులున్నవారిగా గుర్తించింది. ఛార్జీ నిర్ణయించేది యాప్, రేటింగుతో క్రమశిక్షణ పెట్టేది యాప్, షరతులు రాసేది కంపెనీ. పైన మేనేజరు లేకపోయినా అదుపు ఉందని కోర్టు చూసింది. 2024 ఫిబ్రవరిలో కెనడాలో వచ్చిన ట్రిబ్యునల్ తీర్పు మొత్తం రీత్యా చిన్నదే, సుమారు 800 డాలర్లు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి ఒక ప్రయాణికుడికి తప్పు సమాచారం ఇచ్చింది. చాట్‌బాట్ మాటలకు తమ పూచీ లేదన్న వాదనను ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. వెబ్‌సైట్‌లో పేజీ చెప్పినా, చాట్‌బాట్ చెప్పినా బాధ్యత కంపెనీదేనంది. జవాబుదారీ చేతులు మారుతూ పోయే ఈ కాలంలో అది సూటైన, అవసరమైన మాట.

ప్రభుత్వ సంస్థల్లో పాత బరువు, కొత్త ఆధారపడటం

ప్రభుత్వ సంస్థలకు వ్యాపారాలకు లేని ఇబ్బంది ఒకటుంది. లాభం లేని ఖాతాదారును కంపెనీ వదిలేయగలదు. ప్రభుత్వం ఏ పౌరుణ్నీ వదలకూడదు. స్మార్ట్‌ఫోన్ లేనివారికీ, చదవడం రానివారికీ, చూపు లేనివారికీ సేవ అందాల్సిందే. ఆన్‌లైన్ దారిని తెరిచి కౌంటరును మూసేస్తే మిగిలిపోయేది సరిగ్గా ఆ సేవ ఎక్కువ అవసరమైనవారే.

దీనికి పాత సాఫ్ట్‌వేర్ తోడవుతుంది. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు అమెరికాలోని న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసిన ప్రోగ్రామర్లు ముందుకు రావాలని కోరారు. కోబాల్ 1959లో రూపుదిద్దుకున్న భాష. దశాబ్దాల చట్ట సవరణలన్నీ ఆ కోడ్‌లోనే ఒదిగి ఉంటాయి. ఫలానా వరుస ఎందుకు రాశారో చెప్పగలిగినవారు రిటైరైపోతే, నియమం అసలు ఏమిటో సంస్థకే తెలియకుండా పోతుంది. కొత్తది కట్టడమూ సులువు కాదు. అమెరికా ఆరోగ్య బీమా వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్ 2013 అక్టోబరు 1న తెరుచుకుంటే, మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగినవారు ఆరుగురు. పదుల సంఖ్యలో కాంట్రాక్టర్లు పనిచేసినా, అన్నిటినీ కలిపి పరీక్షించి ‘ఇది సిద్ధంగా లేదు’ అని చెప్పే అధికారం, నేర్పు ఉన్న కేంద్రం లోపించింది.

పని మొత్తం బయటివారికి అప్పగించినప్పుడు సంస్థ పోగొట్టుకునేది డబ్బు ఒక్కటే కాదు. తన నియమాలు ఎలా అమలవుతున్నాయో తనిఖీ చేసే సామర్థ్యమే పోతుంది. హొరైజన్ విషయంలో పోస్టాఫీసు సంస్థ అదే స్థితిలో పడింది.

ఎస్టోనియా దారి ఇక్కడ పోలికకు పనికొస్తుంది. 2001లో మొదలైన ఎక్స్‌రోడ్ వ్యవస్థలో డేటా అంతా ఒకేచోట పోగుపడదు. ఏ శాఖ డేటా ఆ శాఖ దగ్గరే ఉంటుంది. మరో శాఖ అడిగితే ఆ అడిగిన సంగతి నమోదవుతుంది. తన వివరాలను ఏ కార్యాలయం ఎప్పుడు చూసిందో పౌరుడు పోర్టల్‌లో చూసుకోవచ్చు. అధికారి పౌరుణ్ని చూస్తున్నట్టే పౌరుడూ అధికారిని చూడగలిగే ఏర్పాటు ఇది. అక్కడా లోపాలు వచ్చాయి. 2017లో సుమారు 7.5 లక్షల గుర్తింపు కార్డుల చిప్‌లో భద్రతా లోపం బయటపడింది. ప్రభుత్వం ఆ సంగతి బహిరంగంగా ప్రకటించి, నవంబరులో ఆ కార్డుల సర్టిఫికేట్లను నిలిపేసి కొత్తవి ఇచ్చింది. పోస్టాఫీసు కథతో పోలిస్తే తేడా సాఫ్ట్‌వేర్ నాణ్యతలో కంటే లోపం బయటపడ్డాక సంస్థ నడుచుకున్న తీరులోనే ఎక్కువ. జనాభా 13 లక్షలున్న దేశపు నమూనా కోట్ల జనాభా ఉన్న దేశాలకు యథాతథంగా సరిపోదు గానీ, చూసినవారి వివరాలు నమోదు చేయడానికి జనాభాతో పని లేదు.

ఇకపై మారబోయేది

వచ్చే కొన్నేళ్లలో చట్టం మారే తీరు మీద కొన్ని అంచనాలకు ఆధారం దొరుకుతోంది. యూరప్ కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చి దశలవారీగా వర్తిస్తోంది. సంక్షేమ భృతి అర్హత, క్రెడిట్ స్కోరు, ఉద్యోగ నియామకం లాంటివి అందులో అధిక ముప్పు జాబితాలో ఉన్నాయి. వాటిలో రికార్డులు ఉంచడం, మనిషి పర్యవేక్షణ ఉండటం తప్పనిసరి అవుతుంది.

అంతకంటే తక్కువ చర్చ జరిగినా, ఎక్కువ ప్రభావం చూపగలది అదే ఏడాది యూరప్ తెచ్చిన ఉత్పత్తి బాధ్యత ఆదేశం, అంటే లోపమున్న సరుకు వల్ల జరిగిన హానికి తయారీదారు పరిహారం ఇవ్వాలనే నియమం. 2026 డిసెంబరు నుంచి మార్కెట్లోకి వచ్చే వాటికి వర్తించే ఈ ఆదేశం సాఫ్ట్‌వేర్‌ను కూడా ఉత్పత్తిగా చూస్తుంది. సాంకేతిక సంక్లిష్టత వల్ల బాధితుడు లోపాన్ని నిరూపించడం మరీ కష్టమైతే, తగిన పరిస్థితుల్లో లోపం ఉన్నట్టే కోర్టు భావించవచ్చు. తయారీదారు తన దగ్గరున్న ఆధారాలను బయటపెట్టాలని ఆదేశించవచ్చు. కంప్యూటర్ సరైనదేనని ముందే నమ్మే ఇంగ్లండ్ నియమానికి ఇది దాదాపు తలకిందులు. ఆ నియమాన్నే మార్చాలా వద్దా అని బ్రిటన్ న్యాయశాఖ 2025 జనవరిలో అభిప్రాయాలు కోరింది.

అయినా ఒక పెద్ద ఖాళీ అలాగే ఉంది. కొత్త ఆదేశం కింద పరిహారం దొరికేది ప్రాణానికో ఆరోగ్యానికో హాని జరిగినప్పుడు, ఆస్తి దెబ్బతిన్నప్పుడు, డేటా నాశనమైనప్పుడు. తప్పు లెక్క వల్ల భృతి ఆగిపోవడం, లేని బకాయి మీద పడటం లాంటి కేవల ఆర్థిక నష్టం దాని పరిధిలోకి రాదు. రోబోడెట్ లాంటి నోటీసు మళ్లీ వస్తే అందుకున్నవారికి మిగిలేది ఒక్కొక్కరుగా అప్పీలు చేసుకునే పాత దారే. ఒక అప్పీలులో తేలిన తప్పును అదే ప్రోగ్రాం నుంచి నోటీసు అందుకున్న అందరికీ వర్తింపజేసే బాధ్యత ఆ శాఖ మీదే పెట్టాలా, అది ఎవరి పర్యవేక్షణలో జరగాలి అన్నది చట్టసభలు ఇంకా తేల్చాల్సిన విషయం.